సొంతంగా నింపిన తూటా ఛాంబర్‌లో ఇరుక్కుంటోంది: లోపం రైఫిల్‌లో ఉందా, తూటాలో ఉందా?

గురిచూపు

అందరికీ నమస్కారం. నాది ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్, .223 రెమింగ్టన్. ఫ్యాక్టరీ తూటాలతో ఏ ఇబ్బందీ లేదు. నేను నింపిన తూటాలు మాత్రం కొన్ని చక్కగా పేలుతున్నాయి, కొన్ని మధ్యలోనే ఆగిపోతున్నాయి. మ్యాగజైన్ నుంచి తూటా పైకి వస్తుంది, ఛాంబర్‌లోకి (గొట్టం వెనుక తూటా కూర్చునే చోటు) దాదాపు పూర్తిగా వెళుతుంది, కానీ ఛాంబర్‌ను మూసే బోల్ట్‌ను మోసే బోల్ట్ క్యారియర్ చివరి కొద్ది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను చేత్తో వెనక్కి తెచ్చే పిడి) లాగినా తేలిగ్గా రాదు. ఇత్తడి కేస్‌లు (మందును, ముందున్న బుల్లెట్‌ను పట్టి ఉంచే గొట్టాలు) కాల్పుల సాధన చేసే రేంజ్‌లో ఏరినవి, కొన్ని నా రైఫిల్‌లోనే పేలినవి. ఫుల్ లెంగ్త్ డైతో (కేస్ మొత్తాన్ని నొక్కే అచ్చు) సైజ్ చేస్తున్నాను, అంటే పేలి ఉబ్బిన కేస్‌ను తిరిగి కొలతకు తెస్తున్నాను, పొడవు కత్తిరిస్తున్నాను, చివర కేస్ అంచును బుల్లెట్ మీదికి నొక్కే క్రింప్ గట్టిగా వేస్తున్నాను. మందు కొలత మాన్యువల్‌లో చెప్పిన పరిధిలో కింది వైపే ఉంది. ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

స్థిరహస్తం

ముందు ఒక మాట. బోల్ట్ ఆగిపోయినప్పుడు ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్ట్‌ను ముందుకు తోసే బొత్తాం) నొక్కి తూటాను బలవంతంగా లోపలికి తోయకండి. నా బల్ల మీదికి వచ్చే ఇరుక్కున్న రైఫిళ్లలో చాలావాటికి కారణం ఆ నొక్కుడే. సగం ఇరుక్కున్న తూటా పూర్తిగా ఇరుక్కుంటుంది, అంతే.

తూటా సజీవంగా (ఇంకా పేలకుండా) లోపల ఉన్నప్పుడు మ్యాగజైన్ తీసేయండి. గొట్టం సురక్షితమైన దిశలోనే ఉంచండి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. హ్యాండిల్ చేత్తో లాగితే రాకపోతే, స్టాక్‌ను (భుజానికి ఆనించే వెనుక భాగం) పూర్తిగా లోపలికి ముడిచి, కింద మెత్తటి చాప వేసి, హ్యాండిల్‌ను కిందికి లాగి పట్టుకుంటూ స్టాక్ అడుగు భాగాన్ని నేలకు తట్టే పద్ధతి ఒకటి ఉంది. ముఖం, చేతులు గొట్టం మూతి దారిలో ఉండకూడదు. అలా తట్టినా రాకపోతే అక్కడితో ఆపి తుపాకి మరమ్మతు తెలిసిన వారి దగ్గరికి తీసుకెళ్లండి. సజీవ తూటా మీదికి మూతి వైపు నుంచి కడ్డీ దింపి కొట్టడం ఎంత మాత్రం చేయకూడదు. పేలిన ఖాళీ కేస్ ఇరుక్కుంటే కడ్డీ వాడవచ్చు, సజీవ తూటాకు వాడకూడదు.

నల్లమందు

మ్యాగజైన్ మార్చి చూశారా? స్ప్రింగ్ బలహీనమైనా, పెదవులు వంగినా తూటా వంకరగా వస్తుంది. కేస్‌ను బయటికి లాగే కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, దాని స్ప్రింగ్ కూడా చూడాలి.

ఇత్తడిమనిషి

నల్లమందు గారు చెప్పిన లోపాలు నిజంగా వస్తాయి, కానీ అవి ఫ్యాక్టరీ తూటాలకూ వస్తాయి. గురిచూపు గారి రైఫిల్ ఫ్యాక్టరీ తూటాలను తింటోంది. మ్యాగజైన్ దోషమైతే తూటా ముక్కు ఫీడ్ ర్యాంప్‌ను (ఛాంబర్‌లోకి దారి చూపే వాలు) గుద్దుకుని ఆగుతుంది, లేదా రెండు తూటాలు ఒకేసారి పైకి వస్తాయి. ఇక్కడ తూటా ఛాంబర్‌లోకి వెళ్లి చివరి కొద్ది మిల్లీమీటర్లలో ఆగుతోంది. అంటే తూటా ఆకారంలో ఏదో ఒక చోట ఛాంబర్ కంటే పెద్దదిగా ఉంది. ఆ చోటు ఎక్కడో కనిపెట్టడమే పని.

అది కనిపెట్టడానికి ప్రైమర్ (మందును అంటించే అడుగు బిళ్ల), మందు లేని ఉత్తుత్తి తూటాలు చేయండి. సజీవ తూటాలతో ఈ పరీక్షలు చేయవద్దు. ఒక కేస్‌ను సైజ్ చేసి, బోల్ట్ తీసేసిన రైఫిల్ ఛాంబర్‌లోకి వదలండి. దాని బరువుకే లోపలికి జారి, తిప్పితే బయటికి రావాలి. పొడవు కత్తిరించాక మళ్లీ వదలండి. క్రింప్ లేకుండా బుల్లెట్ కూర్చోబెట్టాక ఒకసారి, క్రింప్ వేశాక ఒకసారి వదలండి. ఏ మెట్టు దాటాక జారడం మానేసిందో, లోపం ఆ మెట్టులో ఉంది. తయారైన తూటాను మాత్రమే చూస్తూ ఊహించడం కంటే ఇది ఎంతో వేగంగా తేలుతుంది.

ఇంకొక సూచన. కేస్ మొత్తానికి నల్ల మార్కర్ పూసి ఛాంబర్‌లోకి నెట్టి తీయండి. రంగు చెరిగిన చోటే రాపిడి. భుజం (కేస్ మెడ వైపు సన్నబడే వాలు) మీద చెరిగితే భుజం ముందుకు ఉంది. భుజానికి కొద్దిగా కిందుగా ఉంగరంలా చెరిగితే క్రింప్ వల్ల పొట్ట ఉబ్బింది. అడుగున, ఎక్స్‌ట్రాక్టర్ గాడికి పైన చెరిగితే పొట్ట కింది భాగం సైజ్ కాలేదు. మెడ అంచున చెరిగితే కేస్ పొడవు ఎక్కువ. బుల్లెట్ మీద గీతలు పడితే రైఫ్లింగ్‌కు (గొట్టం లోపలి మెలిక గాళ్లు) తగులుతోంది.

మైక్రోమీటర్

కొలతలు కూడా రాయండి. .223లో కేస్ గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, అంటే 44.70 మిల్లీమీటర్లు. సాధారణంగా 1.750 దగ్గరికి కత్తిరిస్తారు. తూటా మొత్తం పొడవు 2.260 అంగుళాలు, 57.40 మిల్లీమీటర్లు దాటితే మ్యాగజైన్‌లోనే ఇబ్బంది మొదలవుతుంది.

వీటి కంటే నాకు ముఖ్యమైనది భుజం కొలత. మామూలు క్యాలిపర్ దాన్ని కొలవలేదు, భుజం మీద ఆనే కంపారేటర్ ముక్క తగిలించాలి. మీ రైఫిల్‌లో పేలిన కేస్‌ను ప్రైమర్ తీసేసి కొలవండి. ప్రైమర్ ఉంటే అది కొంచెం బయటికి పొడుచుకుని కొలతను పాడుచేస్తుంది. సెమీ ఆటోలో పేలిన కేస్‌ను ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే యంత్రం లాగేస్తుంది కాబట్టి ఆ కొలత ఛాంబర్ కంటే కొద్దిగా ఎక్కువగా కూడా రావచ్చు. సైజ్ చేసిన కేస్ దాని కంటే 0.003 నుంచి 0.005 అంగుళాలు, అంటే 0.08 నుంచి 0.13 మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. బోల్ట్ యాక్షన్ వాళ్లు 0.001, 0.002తోనే సర్దుకుంటారు. వాళ్లు చేత్తో బోల్ట్ మూస్తారు, మీ రైఫిల్ స్ప్రింగ్‌తో మూసుకుంటుంది, అదీ తేడా.

నేర్చుకునేవాడు

క్షమించండి, నాకు ఒక సందేహం. ఫుల్ లెంగ్త్ డైలోనే సైజ్ చేశారు కదా, భుజం ఎలా ముందుకు వెళుతుంది? డై దాన్ని వెనక్కి నెట్టదా?

ఇత్తడిమనిషి

మంచి ప్రశ్న. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు.

కేస్ డైలోకి వెళ్లేటప్పుడు మొదట దాని పక్కలు నొక్కుకుపోతాయి. నీళ్లు నింపిన బెలూన్‌ను పక్కల నుంచి పిసికితే అది పైకి సాగినట్టు, నొక్కుకున్న ఇత్తడి పైకి సాగి భుజాన్ని ముందుకు నెడుతుంది. డై భుజం కేస్ భుజానికి తగిలేదాకా ఈ సాగుడు ఆగదు. డైని పూర్తిగా కిందికి తిప్పకపోతే కేస్ సగంలోనే బయటికి వస్తుంది, అప్పుడు దాని భుజం సైజ్ చేయకముందు కంటే ముందుకు వచ్చి ఉంటుంది. మీ రైఫిల్‌లోనే పేలిన కేస్ మీ రైఫిల్‌లోకే పట్టకపోవడానికి ఇది అసలు కారణం. డై వాడాను కదా అని నమ్మకం పెట్టుకోకండి, కొలిచి చూడండి.

రెండో దారి కూడా ఉంది. రామ్ (కేస్‌ను డైలోకి తోసే ప్రెస్ కడ్డీ) కిందికి వచ్చేటప్పుడు లోపలి ఎక్స్‌పాండర్ బంతి (మెడను లోపలి నుంచి వెడల్పు చేసేది) మెడలోంచి బయటికి లాగబడుతుంది. మెడ లోపల కందెన లేకపోతే అది మెడను పట్టుకుని భుజంతో సహా ముందుకు లాగుతుంది. చేతికి కీచుమన్నట్టు తెలుస్తుంది. ఆ శబ్దం వస్తే మెడ లోపల కొంచెం పొడి గ్రాఫైట్ కానీ కందెన కానీ పెట్టండి.

పాతగరాండ్

మూడో దారి కూడా ఉంది, దాన్ని అందరూ మరిచిపోతారు. ఇత్తడి పదేపదే వంచితే గట్టిపడే లోహం. కాట్రిడ్జ్ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. ప్రతి పేలుడుకూ, ప్రతి సైజింగ్‌కూ మెడ, భుజం గట్టిపడుతూ పోతాయి. గట్టిపడిన ఇత్తడి డై నుంచి బయటికి రాగానే వెనక్కి లేస్తుంది, మెత్తని ఇత్తడి చెప్పినట్టు నిలుస్తుంది. రేంజ్‌లో ఏరిన కేస్‌లు ఎన్నిసార్లు పేలాయో, ఎవరి రైఫిల్‌లో పేలాయో తెలియదు కాబట్టి, డై అదే చోట ఉన్నా కొలతలు చిందరవందరగా వస్తాయి. వేర్వేరు మూలాల కేస్‌లను వేరు చేసి, ఒక్కో గుంపుకు డై సర్దుకోవాలి. రామ్ పైకి వెళ్లాక ఒక క్షణం ఆపి ఉంచడం కూడా కొలతల్లో నిలకడ తెస్తుంది.

ఆనీలింగ్ (ఇత్తడిని వేడిచేసి మెత్తబరచడం) చేసేవారికి ఒక హెచ్చరిక. వేడి మెడకు, భుజానికి మాత్రమే చేరాలి. కేస్ తల భాగం మెత్తబడితే అది ఒత్తిడి తట్టుకోలేదు. అలా మెత్తబడిన కేస్‌ను వాడే ప్రసక్తే లేదు.

గురిచూపు

చెప్పినట్టే ఉత్తుత్తి తూటాలతో చూశాను. నేను ఊహించని ఫలితం వచ్చింది.

సైజ్ చేసిన కేస్‌లలో చాలావరకు ఛాంబర్‌లోకి జారుతున్నాయి, కొన్ని మాత్రం జారడం లేదు. కంపారేటర్‌తో కొలిస్తే నా రైఫిల్‌లో పేలిన కేస్ కంటే కొన్ని 0.004 తక్కువ, కొన్ని సమానం, రెండు మూడు 0.002 ఎక్కువ! ఆ ఎక్కువైనవన్నీ రేంజ్ ఇత్తడే. ఇది భుజం సమస్య.

కానీ అదొక్కటే కాదు. భుజం కొలత సరిగ్గా ఉన్నవి క్రింప్ వేసేవరకు చక్కగా జారాయి. క్రింప్ వేశాక వాటిలో కొన్ని ఆగిపోయాయి. మార్కర్ పూస్తే భుజానికి కొద్దిగా కిందుగా, చుట్టూ ఉంగరంలా రంగు చెరిగింది. ఇత్తడిమనిషి గారు చెప్పిన పొట్ట ఉబ్బు అదే. నా బుల్లెట్లు, క్రింప్ కూర్చునే చుట్టు గాడి లేనివి.

ఇత్తడిమనిషి

గాడి లేని బుల్లెట్ అన్న మాటతో విషయం తేలిపోయింది. సీటింగ్ డైలోని క్రింప్ ఉంగరం కేస్ మెడ అంచును లోపలికి మడుస్తుంది. బుల్లెట్‌కు గాడి ఉంటే అంచు ఆ గాడిలోకి వెళుతుంది. గాడి లేకపోతే అంచు వెళ్లడానికి చోటు ఉండదు, నెట్టిన బలమంతా కిందికి దిగుతుంది, భుజానికి కిందుగా గోడ బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటికి కనపడదు, ఛాంబర్‌కు మాత్రం తెలుస్తుంది.

కేస్ పొడవులు ఒకేలా లేకపోతే ఇది ఇంకా ఘోరం. పొట్టి కేస్‌కు క్రింప్ చాలదు, పొడవు కేస్‌కు ఎక్కువవుతుంది. అందుకే కొన్ని పట్టాయి, కొన్ని పట్టలేదు.

ఈ బుల్లెట్లకు సీటింగ్ డైని వెనక్కి తిప్పి క్రింప్ పూర్తిగా మానేయండి. ఒకే పొడవుకు కత్తిరించండి. కత్తిరించినప్పుడు అంచున వచ్చిన చిన్న పొరను మాత్రం తీసేస్తే చాలు.

నేర్చుకునేవాడు

క్రింప్ లేకపోతే సెమీ ఆటోలో బుల్లెట్ వెనక్కి జరగదా?

మైక్రోమీటర్

జరగవచ్చు, అందుకే పరీక్షించాలి. బుల్లెట్‌ను ప్రధానంగా పట్టి ఉంచేది మెడ బిగువు. .223 బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళాలు, సైజ్ చేసిన మెడ లోపలి కొలత దానికంటే కొంచెం తక్కువగా ఉండాలి. ఉత్తుత్తి తూటా పొడవు కొలిచి, ముక్కును బల్ల అంచుకు ఆనించి బొటనవేళ్లతో గట్టిగా నొక్కి, మళ్లీ కొలవండి. తగ్గితే మెడ బిగువు చాలడం లేదు. రెండో పరీక్షగా అదే ఉత్తుత్తి తూటాను మ్యాగజైన్ నుంచి బోల్ట్‌తో లోపలికి పంపి, తీసి కొలవండి. బుల్లెట్ లోపలికి నొక్కుకుపోతే మందుకు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. దీన్ని తేలికగా తీసుకోవద్దు.

నల్లమందు

ఛాంబర్‌ను కొంచెం పాలిష్ చేయిస్తే ఈ బాధంతా తప్పుతుందేమో? పెద్దగా ఉంటే ఏ తూటా అయినా పడుతుంది కదా.

స్థిరహస్తం

వద్దు. ఫ్యాక్టరీ తూటాలు సాఫీగా నడుస్తున్న ఛాంబర్ మీద చేయి పెట్టకూడదు. ఛాంబర్ పెద్దదైతే కేస్ ఎక్కువగా సాగుతుంది, తల భాగం దగ్గర గోడ సన్నబడుతుంది, చివరికి అక్కడే తెగుతుంది. తెగిన ముక్క ఛాంబర్‌లో నిలిచిపోతే తర్వాతి తూటా ఎలాగూ పట్టదు. తూటాలో ఉన్న తేడాను రైఫిల్‌ను మార్చి కప్పిపుచ్చడం నాకు సమ్మతం కాదు. మురికి, తుప్పు తుడవాలంటే ఛాంబర్ బ్రష్ చాలు.

నల్లమందు

సరే, అర్థమైంది. మరి కేస్ అడుగును మామూలు డై కంటే ఎక్కువగా నొక్కే స్మాల్ బేస్ డై కొనమని చాలామంది అంటారే?

ఇత్తడిమనిషి

అడుగు భాగంలో రంగు చెరిగితే కొనాలి. ఇతరుల రైఫిళ్లలో, ముఖ్యంగా పెద్ద ఛాంబర్ ఉన్నవాటిలో పేలిన ఇత్తడికి ఆ డై ఉపయోగపడుతుంది. ఇక్కడ అడుగున చెరగలేదు, భుజంలోనూ పొట్టలోనూ చెరిగింది. డై కొనడానికి ముందు రాపిడి ఎక్కడుందో చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పాతగరాండ్

ఛాంబర్‌లోకి వెళ్లడం ఒక సమస్య, బయటికి రావడం ఇంకొకటి. చరిత్రలో దీనికి పెద్ద ఉదాహరణ ఎం16. 1960ల్లో ఆ రైఫిల్‌కు మొదట అనుకున్న కర్ర రూపపు మందు బదులు బాల్ పౌడర్ ఇచ్చారు. కాల్పుల వేగం పెరిగింది, మురికీ పెరిగింది. ఛాంబర్‌కు క్రోమ్ పూత లేకపోవడంతో తుప్పు తోడై, ఖాళీ కేస్‌లు బయటికి రాక సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం దీనిపై విచారించింది. తర్వాత ఎం16ఏ1లో ఛాంబర్‌కు క్రోమ్ పూత వచ్చింది. రైఫిల్ ఒక్కటే కాదు, మందు కూడా యంత్రంలో భాగమే అని అప్పుడు స్పష్టమైంది.

1936లో ఆమోదం పొందిన ఎం1 గరాండ్ విషయంలో కూడా ఇదే తీరు. నెమ్మదిగా కాలే మందు, బరువైన బుల్లెట్ కలిస్తే గ్యాస్ రంధ్రం దగ్గర ఒత్తిడి ఎక్కువై ఆపరేటింగ్ రాడ్ (బోల్ట్‌ను వెనక్కి నెట్టే కడ్డీ) వంగుతుంది. సరైన మాన్యువల్‌లో గరాండ్‌కు వేరే పట్టిక ఉంటుంది. .30-06 కదా అని బోల్ట్ యాక్షన్ పట్టిక చూసి నింపకండి.

గురిచూపు గారూ, మీ రైఫిల్‌లో పేలిన కేస్‌లు బయటికి సాఫీగా వస్తున్నాయా? తల మీద మెరిసే గీత ఉందా?

గురిచూపు

సాఫీగానే వస్తున్నాయి. మెరిసే గీత లేదు. ప్రైమర్లు గుండ్రంగానే ఉన్నాయి, చదునుగా మారలేదు.

స్థిరహస్తం

మంచిది. తల మీద ఎజెక్టర్ (కేస్‌ను బయటికి విసిరే మేకు) రంధ్రం ముద్ర మెరుస్తూ కనపడితే, రిమ్ చిరిగితే, ప్రైమర్ పూర్తిగా చదునైతే మందు తగ్గించాలి. అయితే ఒత్తిడి చిహ్నాలు కనపడలేదని ఒత్తిడి తక్కువని అనుకోకండి, మాన్యువల్ హద్దు హద్దే.

మరొకటి. ప్రైమర్ లోతు తప్పక చూడండి. కేస్ తల మట్టానికి సుమారు 0.003 నుంచి 0.005 అంగుళాల లోపలికి ఉండాలి. ఏఆర్ తరహా రైఫిల్‌లో ఫైరింగ్ పిన్‌కు స్ప్రింగ్ ఉండదు, బోల్ట్ మూసుకునేటప్పుడు అది ముందుకు కదిలి ప్రైమర్ మీద చిన్న సొట్ట పెడుతుంది. ప్రైమర్ పైకి ఉంటే, లేదా బాగా మెత్తని కప్పు ఉన్న ప్రైమర్ వాడితే, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే అవకాశం ఉంది. సైనిక రకం ప్రైమర్లకు కప్పు గట్టిగా ఉండేది ఇందుకే. సైనిక ఇత్తడిలో ప్రైమర్ చుట్టూ క్రింప్ ఉంటుంది, దాన్ని తొలగించకుండా కొత్త ప్రైమర్ నెడితే సరిగ్గా కూర్చోదు, అక్కడి నుంచే ఇబ్బంది మొదలవుతుంది.

గురిచూపు

డైని కొంచెం కొంచెంగా కిందికి తిప్పుతూ కొలిచాను. రేంజ్ ఇత్తడిని వేరు చేశాను. నా రైఫిల్ కేస్‌లు 0.004 తక్కువ దగ్గర నిలిచాయి. మెడ లోపల కందెన పెట్టాక కొలతలు ఒకదానికొకటి దగ్గరయ్యాయి. క్రింప్ తీసేశాను, మెడ బిగువు పరీక్షలో తూటా పొడవు మారలేదు. ఉత్తుత్తి తూటాలన్నీ బోల్ట్ దానంతట అదే మూసుకునేలా వెళుతున్నాయి.

అయితే పాత పద్ధతిలో నింపి పెట్టిన సజీవ తూటాలు ఒక పెట్టెడు ఉన్నాయి. వాటిని సైజింగ్ డైలోకి ఒకసారి పంపితే సరిపోతుందా?

మైక్రోమీటర్

పంపకండి! సైజింగ్ డైలోని డీక్యాపింగ్ పిన్ (పాత ప్రైమర్‌ను తోసేసే సూది) నేరుగా బుల్లెట్ ముక్కు మీద ఆనుతుంది, డై కొలత నిండిన తూటాకు సరిపోదు. పట్టనివన్నీ విప్పేయాలి.

ఇత్తడిమనిషి

ఒక్కో తూటాను కేస్ గేజ్‌లో (ఛాంబర్ ఆకారంలో చేసిన కొలత దిమ్మె) వదిలి చూడండి. గేజ్‌లో నిలువుగా, పైకి పొడుచుకురాకుండా కూర్చున్నవి పక్కన పెట్టండి. వాటిలోనూ క్రింప్ ఉబ్బు ఉండవచ్చు కాబట్టి మార్కర్ పూసి గేజ్‌లో తిప్పి చూడండి. రాపిడి ఉన్నవీ, గేజ్ దాటనివీ సుత్తి తరహా పుల్లర్‌తో (తట్టి బుల్లెట్‌ను ఊడదీసే పనిముట్టు) విప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి, పుల్లర్‌లో తూటా అడుగును పట్టే కొలెట్ మాత్రమే వాడండి, ప్రైమర్‌కు ఎదురుగా వేలు కానీ గట్టి వస్తువు కానీ ఉండకూడదు. విప్పిన మందు ఏ రకమో ఖచ్చితంగా తెలిస్తేనే తిరిగి వాడండి, తెలియకపోతే పారేయండి. బుల్లెట్ మెడ దగ్గర గీతలు పడి ఉంటే వాటిని గురి పరీక్షలకు కాకుండా మామూలు సాధనకు ఉంచుకోండి.

గురిచూపు

గేజ్‌లో వేసి చూశాను. గేజ్ దాటనివి నేను అనుకున్న దానికంటే ఎక్కువే ఉన్నాయి, దాదాపు అన్నీ రేంజ్ ఇత్తడి. విప్పడం మొదలుపెట్టాను. ప్రైమర్ ఉన్న ఖాళీ కేస్‌లు డీక్యాప్ చేయడం మంచిదా, అలాగే తిరిగి సైజ్ చేయడం మంచిదా?

స్థిరహస్తం

సజీవ ప్రైమర్‌ను డీక్యాపింగ్ పిన్‌తో తోయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పిన్ తీసేసి సైజ్ చేయండి, ప్రైమర్ అలాగే ఉండనివ్వండి, ఆ కేస్‌లనే నింపుకోండి. పిన్‌తో పాటు ఎక్స్‌పాండర్ కూడా వస్తుంది కాబట్టి మెడ బిగువు కొంచెం మారుతుంది. బుల్లెట్ కూర్చోబెట్టేముందు మెడ లోపలి కొలత చూడండి, మరీ బిగుతుగా ఉంటే విడి ఎక్స్‌పాండర్ డైతో సరిచేసుకోండి.